సామాన్లే కదా... ఎంతుంటాయి?

మీ ఇంట్లో పట్టుచీరలు ఎన్ని ఉన్నాయో చెప్పగలరా? స్టీలు గిన్నెలు? పోనీ అవన్నీ వద్దు, ఇంట్లో ఉన్న సామానంతా ఇవాళ బజారుకెళ్లి కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా?

వేసి ఉండరు. ఎవరు మాత్రం వేస్తారు? పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన మంచం, బీరువా. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్జు. పండగ తగ్గింపుల్లో తెచ్చుకున్న వాషింగ్ మెషీను. పాత బట్టలు వేసి స్టీలు సామాన్లామె దగ్గర బేరమాడి తీసుకున్న డబ్బాలు. ఇలా ఇరవై ఏళ్లో పాతికేళ్లో ఒక్కొక్కటిగా చేరిన సంసారానికి మొత్తంగా ఒక ధర కట్టాల్సిన అవసరం మామూలుగా రాదు. రెండే సందర్భాల్లో వస్తుంది. ఇంటికి బీమా చేయించేటప్పుడు ఒకసారి, ఆ ఇంటికి ఏదైనా అయినప్పుడు ఇంకోసారి. మొదటిసారి ఆ అంకె చాలా ఇళ్లల్లో మగవాళ్లు చెబుతారు, అదీ ఏజెంటు వెళ్లడానికి లేచి నిలబడ్డాక. రెండోసారి సర్వేయరు వేస్తాడు, గది గదీ తిరిగి కాగితం మీద. ఈ రెండు అంకెలకీ పొంతన కుదరకపోతే ఏమవుతుందో మా వదినగారింట్లో చూశాను.

కిటికీ పోయిన రోజు

వదిన అంటే మావారి అక్కయ్య. విశాఖపట్నంలో ఉంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాళ్ల మూడో అంతస్తు ఫ్లాటులో సముద్రం వైపున్న కిటికీలు ఫ్రేములతో సహా ఊడొచ్చి లోపల పడ్డాయి. ఆ గాలికి వాన అడ్డంగా కొట్టింది. గంటల తరబడి. సోఫాలు, పరుపులు, టీవీ, కంప్యూటరు తడిసి ముద్దయ్యాయి. చెక్క బీరువా కింది రెండు అరలూ నీళ్లు పీల్చి, అందులోని చీరలు ఒకదాని రంగు ఒకదానికి అంటుకున్నాయి. ప్రాణాలకేం కాలేదు, అదే పదివేలు అనుకున్నారు అందరూ. పైగా ఇంటి సామానుకు బీమా ఉంది కదా అని ధైర్యం. అన్నయ్యగారు ప్రభుత్వోద్యోగి, కాగితాల విషయంలో పద్ధతి మనిషి. ఏటా మరిచిపోకుండా కట్టారు, రెండు లక్షలకి.

కొన్నాళ్లకి సర్వేయరు వచ్చాడు. మంచి మనిషేనట. వదిన కాఫీ ఇచ్చి, ఇల్లంతా తిప్పి చూపించింది. పాడైనవే కాదు, బాగున్నవీ చూపించింది. "ఇదిగో బాబూ, ఈ పెట్టెలో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి సామాను... ఇవన్నీ పట్టుచీరలే, పైఅరల్లో ఉండబట్టి బతికాయి... వంటింట్లో ఈ గ్రైండరు మొన్ననే కొన్నాం" అని. మనది మామూలు సంసారం కాదు, నిండు సంసారం అని అతనికి తెలియాలని ఆవిడ ఆరాటం. అతను అన్నీ రాసుకున్నాడు.

తర్వాత లెక్క తేలింది. వాడిన ఏళ్లకి తరుగు తీసేశాక పాడైన వస్తువుల విలువ తొంభై వేలు. వచ్చింది మాత్రం ముప్ఫై ఆరు వేల లోపు!

"రెండు లక్షలకి కదా కట్టాం! అందులో తొంభై వేలు ఇవ్వడానికి వీళ్లకేం నొప్పి?" అంది వదిన ఫోనులో. ఆవిడ కోపం న్యాయంగానే అనిపిస్తుంది వినేవాళ్లకి. పైగా కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్న ఇంగ్లీషు ముక్క ఎవరికీ అర్థం కాలేదు. 'ఏవరేజ్' అని ఉంది. సగటుకీ సోఫాకీ ఏమిటి సంబంధం?

ఏవరేజ్ అంటే...

సంబంధం ఉంది. సర్వేయరు పాడైనవాటిని మాత్రమే లెక్కపెట్టడు, ఆ రోజుకి ఇంట్లో ఉన్న మొత్తం సామాను విలువ ఎంతో కూడా కడతాడు. వదిన వాళ్లింట్లో అది తరుగు పోను అయిదు లక్షలకి తేలింది. బీమా చేసింది రెండు లక్షలకి. అంటే అయిదు వంతుల్లో రెండు వంతులకే ప్రీమియం కట్టినట్టు. మిగిలిన మూడు వంతులకీ మీకు మీరే బీమా కంపెనీ అన్నమాట. అందుకని ఏ నష్టం వచ్చినా, అది చిన్నదైనా సరే, కంపెనీ అయిదింట రెండు వంతులే ఇస్తుంది. తొంభై వేలలో రెండు వంతులు ముప్ఫై ఆరు వేలు. అందులోంచి పాలసీదారు భరించాల్సిన చిన్న మొత్తం ఒకటి తీసేస్తారు. దీన్నే 'అండర్ ఇన్సూరెన్స్' అంటారు, అంటే ఉన్న విలువ కంటే తక్కువకి బీమా చేయించడం.

చాలామందికి తలకెక్కనిది ఇదే. రెండు లక్షలకి బీమా చేస్తే రెండు లక్షల దాకా ఎంత నష్టమొస్తే అంతా ఇస్తారనే అనుకుంటాం. ఈ ఏవరేజ్ నిబంధన ఉన్న పాలసీలో అలా ఇవ్వరు. ఎనిమిది లక్షల సామానుకి నాలుగు లక్షలకే బీమా ఉంటే, వంటింట్లో మంటలు లేచి లక్ష నష్టమైతే చేతికొచ్చేది యాభై వేలు. బీమా మొత్తంలో నాలుగో వంతే కదా అడిగింది అని వాదించి లాభం లేదు.

లెక్కగా చూస్తే అందులో అన్యాయం లేదనే నేనంటాను. సగానికి కట్టి పూర్తిగా అడిగితే పూర్తిగా కట్టినవాళ్లు ఊరుకుంటారా? కానీ ఈ మాట సంతకం పెట్టించుకునే రోజున ఒక్క వాక్యంలో చెప్పొచ్చు కదా! ప్రీమియం తక్కువగా చూపిస్తే పాలసీ తేలిగ్గా అమ్ముడవుతుంది. అందుకని 'రెండు లక్షలు రాద్దామా సార్' అంటే 'రాయండి' అనేస్తారు. అక్కడ ఇద్దరికీ తొందరే.

అన్నయ్యగారి రెండు లక్షలు ఎలా వచ్చాయో తర్వాత ఆయనే చెప్పారు. టీవీ, ఫ్రిజ్జు, ఏసీ, కంప్యూటరు, సోఫాలు, మంచాలు. ఆయన దృష్టిలో ఇంట్లో ఉన్న వస్తువులు అవే! వదిన చీరలు లేవు. పిల్లల బట్టలు లేవు. దుప్పట్లు, పరుపులు లేవు. వంటిల్లు అసలే లేదు. ఆయన్నని ఏం లాభం, మీ ఇంట్లో అడిగి చూడండి. "సామాన్లే కదా, ఎంతుంటాయి?" అనే వస్తుంది జవాబు. పొద్దున లేచింది మొదలు మన చేతుల్లో తిరిగే వస్తువులకి ఇంటి ఆస్తి లెక్కలో చోటు ఉండదు. సర్వేయరు లెక్కలో మాత్రం ఒక్క గరిటె కూడా తప్పిపోదు.

2021లో మారింది

వదిన వాళ్లది పాత సంగతి. ఆ తర్వాత ఓ మంచి మార్పు వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మీద సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీని అమ్మడం మొదలుపెట్టాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం, పిడుగు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం వంటివన్నీ ఇందులో ఉంటాయి. దీనిలో ఏవరేజ్ కోత లేదు. తక్కువకి బీమా చేశారన్న కారణంతో నష్టాన్ని వంతులు వేయరు. తొంభై వేల నష్టమైతే, బీమా మొత్తం అంతకు మించి ఉంటే, తొంభై వేలూ లెక్కలోకి వస్తాయి.

అయితే ఇక బెంగలేదని నిద్రపోవచ్చా? ఉహుఁ. వంతులు వేయరు గానీ, బీమా మొత్తం దాటి పైసా ఇవ్వరు. ఆ మొత్తం ఎంతో చూడండి. ఈ పాలసీలో ఇంటి కట్టడానికి బీమా చేస్తే మామూలు సామానుకి వేరే వివరాలు రాయకుండానే బీమా వచ్చేస్తుంది. కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు లెక్క వేద్దాం. 800 చదరపు అడుగుల కార్పెట్ ఏరియా ఉన్న ఫ్లాటుకి కట్టుబడి ఖర్చు అడుగుకి 2,000 చొప్పున వేస్తే 16 లక్షలు. (స్థలం ధర ఇందులో రాదు, కట్టుబడి ఖర్చే. ఫ్లాటు యాభై లక్షలు పెట్టి కొన్నాం అని మురిసిపోవడానికి లేదిక్కడ.) 20 శాతం అంటే 3 లక్షల 20 వేలు. మీ సామాను ఏడు లక్షలదైతే? అంతా పోయిన రోజున మిగిలిన 3 లక్షల 80 వేలు మీవే.

అంతా ఎందుకు పోతుందిలే అంటారా? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లు తియ్యలేదు. కింది అంతస్తుల్లో మంచాలు, పరుపులు, ఫ్రిజ్జులు, బియ్యం డ్రమ్ములు అన్నీ బురదే. నీళ్లు తీశాక వీధుల్లో కుప్పలు పోసి ఉన్న సామాను టీవీల్లో మనమంతా చూశాం. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకి 25 వేలు, పై అంతస్తులవాళ్లకి 10 వేలు సాయం ఇచ్చింది. అది సాయం, ఆ పూట గడవడానికి. దాంతో సంసారం మళ్లీ నిలబడదు.

అందుకని, ఆ 20 శాతం చాలదనుకుంటే సామాను వివరాలు రాసిచ్చి ఎక్కువ మొత్తానికి బీమా అడగొచ్చు. అడిగితేనే ఇస్తారు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి మరో సంగతి. ఇల్లు మీది కాదు కాబట్టి కట్టడం బీమా ఇంటివారి బాధ్యత. మీ సామానుకి మాత్రం మీరే విడిగా, మొత్తం చెప్పి చేయించుకోవాలి. వరద వచ్చినప్పుడు ఇంటివారి పాలసీ మీ ఫ్రిజ్జుకి పనికిరాదు. బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవాళ్లు కూడా "మా బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ చేయించారుగా" అంటూంటారు. అది బ్యాంకు తన అప్పు కోసం చేయించినది. చాలా సందర్భాల్లో అందులో ఉండేది గోడలూ పైకప్పూ మాత్రమే. ఆ కాగితం తీసి చదవండి, సామాను మాట ఉందేమో.

బంగారం దారి వేరు

మామూలు సామాను అంటే ఫర్నిచరు, ఎలక్ట్రానిక్ వస్తువులు, వంటింటి సామాను, బట్టలు. పట్టుచీరలు బట్టల్లోకే వస్తాయి. నగలు రావు. వెండి సామానూ రాదు. పూజగదిలో వెండి కుందులు, బారసాలకొచ్చిన వెండి గిన్నెలు అన్నీ విలువైన వస్తువుల కిందికి పోతాయి. వాటికి భారత్ గృహ రక్షలోనే విడిగా, ఐచ్ఛికంగా బీమా తీసుకోవాలి. ముందే ఒక విలువకి ఒప్పుకుని చేస్తారు. మొత్తం 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే విలువ కట్టిన సర్టిఫికెట్ అడగరు. దాటితే కట్టించుకోవాలి. ఒప్పుకున్న విలువ ఒప్పుకున్నదే. బంగారం ధర ఎంత పెరిగినా పాలసీలోని అంకె తనంతట తాను పెరగదు, రెన్యువల్ చేసేటప్పుడు మనం మార్పించుకోవాల్సిందే. బంగారం ధరల వేగం చూస్తే ఇది మరిచిపోకూడని పని. ఇంట్లో దాచిన నగదుకైతే ఈ పాలసీలో బీమా లేదు, పోపుల డబ్బా డబ్బులకి దేవుడే దిక్కు.

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. ఈ పాలసీలో మామూలు దొంగతనం లేదు! తుపానో అగ్నిప్రమాదమో జరిగిన తర్వాత ఏడు రోజుల్లోపు, దాని కారణంగా ఇల్లు గుల్లయితే ఇస్తారు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళం పగలగొడితే ఇవ్వరు. దానికి వేరే బర్గ్లరీ పాలసీ గానీ, అన్నీ కలిపిన ప్యాకేజీ గానీ ఉండాలి. ఆ పాలసీల్లో పాత ఏవరేజ్ నిబంధన చాలాచోట్ల అలాగే ఉంది. కాబట్టి వదినగారి ముప్ఫై ఆరు వేల కథ పాతబడిపోలేదు, దొంగతనం క్లెయిముల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. పాలసీ తీసుకునే ముందు ఏజెంటుని సూటిగా అడగండి: "ఇందులో ఏవరేజ్ ఉందా? సామానుకి కొత్తదాని ధర ఇస్తారా, తరుగు తీసి ఇస్తారా?" ఈ రెండూ అడిగితే ఆయన కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటాడు. జవాబు నోటిమాటగా కాకుండా పాలసీ కాగితంలో ఎక్కడుందో చూపించమనండి.

ఒక మధ్యాహ్నం పని

ఇక అసలు పని మనది. ఏ వస్తువు ఎక్కడుందో మగవాళ్లకి తెలియదు, ఏజెంటుకి తెలియదు, మనకి తెలుసు. పిల్లలు బడికెళ్లాక ఒక నోటుపుస్తకం తీసుకుని గదికొక పేజీ చొప్పున రాయండి. కొన్న ధర వద్దు, ఇవాళ అదే వస్తువు కొనాలంటే ఎంతో అది వేయండి. ఇరవై ఏళ్ల కిందట ఎనిమిది వేలకి కొన్న ఫ్రిజ్జు పక్కన ఎనిమిది వేలు రాస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

నేను మా వంటింటితో మొదలుపెట్టాను. ఫ్రిజ్జు 30 వేలు. నీళ్ల ఫిల్టరు 12 వేలు, మైక్రోవేవ్ 9 వేలు. గ్రైండరు, మిక్సీ చెరో 6 వేలు. స్టవ్వు 5 వేలు. చిన్నాపెద్దా కుక్కర్లు నాలుగు, 10 వేలు. ఇక్కడికే 78 వేలు. స్టీలు, ఇత్తడి సామాను, డబ్బాలు, పండగలకి మాత్రమే దించే పెద్ద గిన్నెలు కలిపి 40 వేలకి తక్కువ వేయలేకపోయాను. వంటిల్లొక్కటే లక్షా పద్దెనిమిది వేలు! మావారిని లెక్క చూపించకుండా అడిగితే "ఓ నలభై వేలు ఉంటుందేమో" అన్నారు. తర్వాత బీరువా. పాతిక పట్టుచీరలు, ఒక్కోటి సగటున ఎనిమిది వేలు వేసినా రెండు లక్షలు. మీ బీరువా సంగతి మీకే తెలుసు, నేనేం అనను.

రాసేటప్పుడు ఎక్కువ వేసుకోకండి కూడా. పదిలక్షలని రాసినంత మాత్రాన పది రావు. పోయిన వస్తువు విలువే ఇస్తారు, అదనంగా కట్టిన ప్రీమియం వృథా.

పనిలో పనిగా సెల్‌ఫోనుతో ఫొటోలు తీయండి. బీరువా తలుపు తెరిచి ఒకటి, వంటింటి అరలకి ఒకటి, టీవీ, ఫ్రిజ్జుల వెనక ఉండే నంబరు చీటీకి ఒకటి. పెద్ద వస్తువుల బిల్లులకీ తీయండి, షాపుల్లో ఇచ్చే ఆ పల్చటి కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. చీరల బిల్లులు చించి పారేసే అలవాటు మానుకోవాలి. (ధర మావారికి తెలియకూడదని చించేస్తాను అంది మా పక్కింటావిడ. ఆవిడ కష్టం అర్థం చేసుకోదగ్గదే. పుట్టింట్లో దాచమని సలహా ఇచ్చాను.)

నష్టం జరిగాక ముందు కంపెనీకి కబురు చేయాలి. సర్వేయరు వచ్చి చూసేదాకా పాడైన వస్తువులు పారేయొద్దు. బురద వాసన భరించలేక వీధిలో పడేస్తే, ఆ వస్తువు ఉండేదని చెప్పడానికి మనకి ఏ ఆధారమూ మిగలదు. తప్పనిసరిగా తీసేయాల్సి వస్తే ఒక్కోదాన్నీ ఫొటో తీసి, కంపెనీకి చెప్పి తీసేయండి. సర్వేయరు ఇచ్చిన రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. కోత ఎక్కడ పడిందో, తరుగు ఎంత వేశారో, ఏవరేజ్ వేశారా లేదా అన్నీ అందులోనే ఉంటాయి. భారత్ గృహ రక్ష ఉండగా వంతులు వేస్తే అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

ఇచ్చింది సరికాదనిపిస్తే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లకీ ఆ కార్యాలయం హైదరాబాదులోనే. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకి ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.

మా వదిన అంబుడ్స్‌మన్ దాకా వెళ్లలేదు. వెళ్లినా ఆ పాలసీ ప్రకారం లెక్క మారేది కాదు. కానీ మరుసటి ఏడాది రెన్యువల్‌కి ఏజెంటు వచ్చినప్పుడు ఆవిడ వంటింట్లోంచి ఓ నోటుపుస్తకం పట్టుకొచ్చి అన్నయ్యగారి పక్కన కూర్చుంది. ఏజెంటు "పోయినసారిలాగే రాయనా సార్?" అని అడిగితే, "సార్‌ని కాదు బాబూ, నన్నడుగు" అందట. పద్నాలుగు పేజీలు చదివి వినిపించింది. ప్రీమియం కొన్ని వందలు పెరిగింది.

ఆ పుస్తకం ఇప్పుడు వైజాగ్‌లో లేదు, మా ఇంట్లో ఉంది. మాది ఆవిడ దగ్గర ఉంది. ఇల్లు తడిస్తే పుస్తకం కూడా తడుస్తుంది కదా!